అన్న తాగలేదు, అయినా తిన్నది ఒంటికి పట్టలేదు



ఈ పోస్టు మేం అక్కాతమ్ముళ్లం ఇద్దరం కూర్చుని రాస్తున్నాం. మాలో ఒకరు జీఎన్ఎం మూడో సంవత్సరం, ఒకరు డిగ్రీ. రాసేది మా అన్న గురించి. అన్నను అడిగే రాస్తున్నాం. "రాయండి, నా పేరు మాత్రం వద్దు. దొడ్డికి పోయే సంగతి దాచకుండా రాయండి, అసలు సంగతి అదే" అన్నాడు. కాబట్టి అన్నం తింటూ ఫోన్ చూసేవాళ్లు చెయ్యి కడుక్కున్నాక చదవండి. పోస్టు పొడుగే ఉంటది, ఏమనుకోవద్దు.

అన్నకు పదో తరగతి నుంచే అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చేది. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయేది. మోకాళ్లు పొట్టకు ఆనించి ముందుకు వంగి కూర్చుంటే కొంచెం తగ్గేది. రెండు మూడు రోజులుండి దానంతట అదే పోయేది. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తే తగ్గేది, వేయించకపోయినా తగ్గేదేమో. ఊళ్లో వడ్డె పసరు మందు పోశాడు. ఎవరో చేతబడి అన్నారు. ఎవర్నీ తప్పు పట్టట్లేదు, ఎవరికి తెలిసింది వాళ్లు చేశారు.

డిగ్రీ రెండో సంవత్సరం వచ్చేసరికి నొప్పులు బాగా తగ్గాయి. జబ్బు పోయిందనుకుని మేం సంతోషపడ్డాం. తీరా చూస్తే మనిషి కరగడం అప్పుడే మొదలైంది. 54 కిలోలు ఉండేవాడు ఏడాదిన్నరలో 41కి వచ్చాడు. తినడం లేదా అంటే హాస్టల్‌లో అందరికంటే ఎక్కువ తినేవాడు. రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు, సెలవులకు ఇంటికొస్తే అమ్మ గిన్నె మొత్తం ఆయన ముందే పెట్టేది. తిన్న గంటకే పొట్ట ఉబ్బి, గుడగుడమని, దొడ్డికి పరుగు.

ఇప్పుడు అన్న రాయమన్న సంగతి. హాస్టల్ లెట్రిన్‌లో ఒక బకెట్ నీళ్లు పోస్తే పోయేది కాదు. రెండు, మూడు బకెట్లు పోయాల్సి వచ్చేది. నీళ్ల మీద నూనె తెట్టు కట్టేది. వాసన ఎంత ఘోరమంటే పక్క గది పిల్లలు తలుపులు వేసుకునేవాళ్లు. ఒక పేరు కూడా పెట్టారు, అది ఇక్కడ రాయం. ఆ సిగ్గుకు అన్న తెల్లవారుజామున నాలుగింటికే లేచి, బోరింగ్ దగ్గర నుంచి నీళ్లు మోసుకుని, ఎవరూ లేవకముందే పని కానిచ్చేవాడు. ఇదంతా మాకు ఏడాది తర్వాత తెలిసింది. సొంత తోబుట్టువులకు చెప్పుకోలేనిది ఓపీలో ఇరవై మంది వినేటట్టు డాక్టరుకు ఎట్లా చెప్తాడు?

ఇక్కడ ఒక మాట. నర్సింగ్ పుస్తకంలో ఈ జబ్బు గుర్తులు ఎట్లా ఉంటాయంటే, మలం నీళ్ల మీద తేలుతుంది, ఫ్లష్ చేస్తే పోదు అని. మా గూడెంలో ఇప్పటికీ చాలామంది వాగు గట్టుకే పోతారు. అక్కడ తేలేదెక్కడ, ఫ్లష్ ఎక్కడ? అన్న హాస్టల్‌లో ఉన్నాడు కాబట్టి కనీసం ఆయనకైనా తెలిసింది. అందుకే ఇప్పుడు మేం ఎవరినైనా అడగాల్సి వస్తే వేరేగా అడుగుతాం. జిడ్డుగా, బంకగా ఉంటదా? మట్టిరంగులో పాలిపోయి ఉంటదా? కడుక్కుంటే చేతికి నూనె తగిలినట్టు ఉంటదా? మామూలు కంటే బాగా ఎక్కువ వస్తదా? ఎంత తిన్నా బరువు దిగుతున్నావా? ఈ ఐదు ప్రశ్నలకు ఏ మిషనూ అక్కర్లేదు, అడిగేవాళ్లకు సిగ్గు లేకపోతే చాలు.

ఇంకో గుర్తు మేమే గమనించాం కానీ అర్థం కాలేదు. పొద్దుగూకాక అన్న తడబడేవాడు. వెలుగులోంచి చీకట్లోకి వస్తే గడప తట్టుకునేవాడు. నీరసం అనుకున్నాం. అది రేచీకటి. విటమిన్ ఏ, డి, ఈ, కె కొవ్వులో కరిగేవి. కొవ్వు అరగకుండా బయటికి పోతుంటే వాటితో పాటు ఇవీ పోతాయి. ఏ తగ్గితే చూపు, డి తగ్గితే ఎముకలు, కె తగ్గితే రక్తం గడ్డకట్టడం దెబ్బతింటాయి.

ఆసుపత్రి సంగతికి వస్తాం. పేరు చెప్పం. అన్న ఎండిపోయిన చేతులు చూసి మొదట తెమడ పరీక్షకు పంపారు. అది సరైన పనే, మన ప్రాంతంలో సన్నబడిన మనిషికి ముందు టీబీ చూడాల్సిందే. టీబీ లేదని వచ్చింది. షుగర్ చూస్తే 300 దాటింది. ఇరవై ఒక్క ఏళ్ల బక్క పిల్లాడికి షుగర్ ఏంటని పొట్ట ఎక్స్‌రే తీయించారు. వెన్నెముకకు అడ్డంగా తెల్లటి చుక్కలు, చల్లిన సున్నంలా. క్లోమంలో రాళ్లు. అంతకు ముందు తీసిన స్కానింగ్‌లో గ్యాస్ అడ్డమొచ్చి క్లోమం సరిగా కనబడలేదని రాసి వదిలేశారట, ఆ కాగితం మా ఇంట్లోనే సంచిలో పడి ఉంది.

ఎక్స్‌రే చూడగానే డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఏ ఊరు మీది?" రెండో మాట, "రోజుకు ఎంత తాగుతవ్?" అన్న తాగనన్నాడు. "అందరూ ఇదే చెప్తారు, మీ దిక్కు ఇప్పసారా పుట్టగానే పోస్తారు కదా" అన్నాడు. పక్కన నిలబడ్డ నాయన తలొంచుకున్నాడు. నాయన తాగుతాడు, పండక్కీ పబ్బానికీ. కానీ అన్న ముట్టడు. చీటీ మీద ఆల్కహాలిక్ అని రాశారు. ఆ మాట మా కంటే ముందు ఊరికి చేరింది. అన్నకు వరసైన అమ్మాయిని అడిగి ఉన్నాం, వాళ్లు మాట్లాడటం మానేశారు. అప్పటి నుంచి అన్న తాగలేదని నిరూపించే పనిలో పడ్డాం మేం. ఏం జబ్బు, ఏం మందు అని అడగాల్సిన నెలలన్నీ అందులోనే పోయాయి.

నిజానికి తాగనివాళ్లకు, చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు పడే జబ్బు ఒకటి ఎప్పటి నుంచో తెలిసిందే. 1959లో ఇండోనేషియాలో జుయిడెమా అనే డాక్టర్ పేద రోగుల్లో చూసి రాశాడు. తర్వాత కేరళలో డాక్టర్ గీవర్గీస్ చాలామందిని చూసి రాశారు. ట్రాపికల్ ప్యాంక్రియాటైటిస్ అని పేరు. చిన్నప్పుడు కడుపునొప్పి, కొన్నేళ్లకు షుగర్, జిడ్డు విరేచనాలు. మా అన్న కథే. కర్రపెండలం తినడం వల్ల వస్తుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు, తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. 2002లో హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు ఈ రోగుల్లో చాలామందికి స్పింక్1 అనే జన్యువులో తేడా ఉందని చూపించారు. క్లోమంలోని ఎంజైమ్ లోపలే నిద్రలేచి క్లోమాన్నే తినకుండా ఆపే బ్రేకు లాంటిది ఆ జన్యువు. ఇది మాకు ఆ రోజే తెలిసుంటే నాయన తల దించుకునేవాడు కాదు. అన్న బీడీ మాత్రం కాల్చేవాడు, అది ఒప్పుకోవాలి. పొగ కూడా క్లోమాన్ని చెడగొడుతుంది. ఇప్పుడు మానేశాడు.

పదో తరగతి జీవశాస్త్రంలో పోషణ పాఠం గుర్తుందా? క్లోమరసం, అమైలేజ్, ట్రిప్సిన్, లైపేజ్. ఐదు మార్కుల బొమ్మ వేసి మర్చిపోయాం. అన్నంలోని పిండిని, మాంసంలోని ప్రోటీన్‌ను అరిగించడానికి నోటిలో, పొట్టలో, పేగులో వేరే సాయం కొంత ఉంది. కొవ్వుకు మాత్రం ఎక్కువ భారం క్లోమం ఇచ్చే లైపేజ్ మీదే. అందుకే ముందు దెబ్బ తినేది కొవ్వు అరుగుదలే. ఇంకో సంగతి, 1973లో అమెరికా మేయో క్లినిక్ డాక్టర్లు చూపించింది ఏంటంటే, లైపేజ్ పదో వంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు బయటపడదు. అంటే జిడ్డు కనబడే రోజుకు క్లోమం తొంభై పాళ్లు పోయినట్టే. నొప్పి తగ్గిందని మేం మురిసిన రోజులు అవే.

పరీక్ష గురించి. పాత పద్ధతిలో రోజుకు 100 గ్రాముల కొవ్వు తినిపిస్తూ మూడు రోజుల మలం మొత్తం పోగుచేసి, అందులో కొవ్వు ఎంతుందో కొలుస్తారు. రోజుకు 7 గ్రాములు దాటితే తేడా ఉన్నట్టు. హాస్టల్‌లో మూడు రోజుల మలం డబ్బాలో దాచమంటే అన్న ఊరొదిలి పారిపోయేవాడు. ఇప్పుడు ఎక్కువగా చేసేది ఫీకల్ ఎలాస్టేజ్. కొద్దిపాటి మలం ఒక్కసారి ఇస్తే చాలు. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే అనుమానం, 100 లోపు ఉంటే గట్టి లోపం. అన్నకు 42 వచ్చింది. నీళ్ల విరేచనాల రోజు ఇస్తే పలచబడి తప్పుగా తక్కువ చూపిస్తుంది, కాబట్టి గట్టిపడిన రోజే ఇవ్వాలి. ఎంజైమ్ గుళికలు వాడుతున్నా ఆపనక్కర్లేదు, ఎందుకంటే ఆ గుళికలు పంది క్లోమం నుంచి తీసినవి, పరీక్ష మనిషి ఎలాస్టేజ్‌నే పట్టుకుంటుంది. రాళ్లు కనబడుతూ, జిడ్డు విరేచనాలుండి, బరువు పడిపోతున్న మనిషికి ఈ పరీక్ష లేకుండానే డాక్టర్లు గుళికలు మొదలుపెట్టొచ్చు కూడా. పరీక్షకు డబ్బుల్లేవని మేం రెండు నెలలు ఆగాం. ఆగాల్సిన పని లేదని తర్వాత తెలిసింది.

పంది అనగానే కొన్ని ఇళ్లల్లో ఇబ్బంది ఉంటదేమో. మా ఇంట్లో అయితే పెద్దల పండక్కి పందిమాంసం లేకపోతేనే ఇబ్బంది.

జబ్బు దొరికింది, మందు కూడా రాశారు, ఇక బాగైపోతాడు అనుకున్నాం. కాలేదు. మా ఇంట్లో అసలు తప్పు జరిగింది ఇక్కడే. చీటీ మీద పది వేల యూనిట్ల గుళిక, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఉంది. మందుల షాపు అబ్బాయి అన్ని మందులకు చెప్పినట్టే "తిన్న అరగంటకు వేసుకో" అన్నాడు. నూనె మానేయమని కూడా చెప్పి పంపారు. అన్న మూడు నెలలు అట్లాగే చేశాడు. నూనె లేని కూర, గంజి, పలచటి పప్పు. ఇంకా రెండు కిలోలు తగ్గాడు. "మందు పనిచేయట్లేదు, వడ్డె దగ్గరికే పోదాం" అంది అమ్మ. అమ్మ అన్నదాంట్లో తప్పు లేదు, మాకూ అట్లాగే అనిపించింది.

తర్వాత క్లాసులో మా నర్సింగ్ మేడమ్‌ను అడిగితే ఆమె ఒకటే ప్రశ్న వేసింది, "అన్నంతో పాటు వేసుకుంటున్నాడా?" ఆమే తెలిసిన గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపింది. ఆయన అన్నను తాగుడు గురించి అడగలేదు. దొడ్డి గురించి అడిగాడు. అన్న మొదటిసారి మొత్తం చెప్పాడు, బకెట్లతో సహా.

ఆయన చెప్పింది మాకు అర్థమైనట్టు రాస్తున్నాం. ఈ గుళికలో ఉండేది నొప్పి మందు కాదు, గ్యాస్ మందు కాదు. క్లోమం చేయాల్సిన పనిని అది చేస్తుంది. మామూలు మనిషి తినేటప్పుడే క్లోమరసం ఊరుతుంది, తిన్న అరగంటకు కాదు. కాబట్టి గుళిక కూడా ముద్దతో పాటే లోపలికి పోవాలి. రెండు గుళికలైతే ఒకటి మొదటి ముద్దకు, ఒకటి భోజనం సగంలో. అన్నం ముందే పేగులోకి దిగిపోయాక వేసుకుంటే గుళిక ఒంటరిగా పోతుంది. మోతాదు కూడా చాలలేదు. పెద్దవాళ్లకు పెద్ద భోజనానికి 40 నుంచి 50 వేల లైపేజ్ యూనిట్లు, చిరుతిండికి అందులో సగం, అక్కడ మొదలుపెడతారు. అన్నకు 25 వేల గుళికలు భోజనానికి రెండు, సాయంత్రం ఏదైనా తింటే ఒకటి రాశారు. ఉత్త పండు తింటే అక్కర్లేదు. నమలకూడదు, పొడి చేయకూడదు. లోపలి చిన్న గింజలకు పైన పూత ఉంటుంది, పొట్టలోని ఆమ్లం నుంచి కాపాడేది అదే. అయినా సరిపోనప్పుడు ఆమ్లం తగ్గించే మాత్ర కలుపుతారు. చెడిన క్లోమం ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్‌ను కూడా సరిగా ఇవ్వదు, అప్పుడు పూత కరగాల్సిన చోట కరగదు. అన్నకు పరగడుపున ఒక మాత్ర అందుకే. ఇవన్నీ అన్నకు రాసిన లెక్కలు. మీ ఇంట్లో వాళ్లకు ఎంత అనేది డాక్టరే చెప్పాలి, మా పోస్టు చూసి పెంచుకోవద్దు.

నూనె మానొద్దన్నాడు. అది వినగానే అన్న నవ్విన నవ్వు మాకింకా గుర్తుంది. కొవ్వు తిని, దానికి సరిపడా గుళిక వేయాలి, అంతేగానీ కొవ్వు తీసేసి మనిషిని ఎండబెట్టకూడదు. ఒకేసారి కుండెడు తినకుండా ఐదారు సార్లు కొంచెం కొంచెం తినమన్నాడు. గుడ్డు, చేప, కోడి, పప్పు. పీచు మరీ ఎక్కువైతే ఎంజైమ్‌కు అడ్డం పడుతుందట. విటమిన్ ఏ, డి రాశాడు. రేచీకటి కొన్ని వారాల్లో పోయింది, ఆ రోజు అన్న ఒక్కడే చీకట్లో వాగు దాకా పోయి వచ్చాడు, ఎందుకు పోయావంటే ఊరికే అన్నాడు.

షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త. క్లోమం చెడి వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ ఒక్కటే కాదు, షుగర్ పడిపోతే లేపే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది. ఇన్సులిన్ వేసి తినడం ఆలస్యమైతే ఒక్కసారిగా పడిపోతుంది. గుళికలు పనిచేయడం మొదలయ్యాక తిన్నది ఒంటికి పట్టి షుగర్ పెరుగుతుంది, మళ్లీ మోతాదు సరిచేయాలి. అన్న జేబులో బెల్లం ముక్క ఎప్పుడూ ఉంటుంది.

డబ్బు గురించి దాచం. మొదటి నెల పదివేలు దాటింది. కార్డు మీద మంచం ఖర్చు పోయింది గానీ నెలనెలా గుళికలు మా చేతి నుంచే. నాయన రెండు మేకలు అమ్మాడు, తర్వాత తునికాకు పైసలు పెట్టాం. డాక్టర్‌ను అడిగితే వేరే కంపెనీది, అవే యూనిట్లది, కొంచెం తక్కువ ధరకు రాసిచ్చాడు. డబ్బా మీద లైపేజ్ యూనిట్లు ఎన్నో చూసి కొనండి. అరుగుదల సిరప్‌లు, బొప్పాయి ఎంజైమ్ మాత్రలు చవకే కానీ దీనికి బదులు కాదు, వాటి మీద మేం పెట్టిన డబ్బు వాగులో పోసినట్టే అయింది. ఇంకొకటి, మా ఇల్లు రేకులది. మే నెలలో గుళికల డబ్బా గూట్లో పెట్టాం, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, 25 డిగ్రీల లోపు ఉంచాలి. ఇప్పుడు మూత బిగించి, కవర్‌లో చుట్టి, నీళ్ల కుండ పక్కన తడి ఇసుక మీద ఉంచుతోంది అమ్మ.

ఆరు నెలల్లో అన్న 49 కిలోలు. ఒక బకెట్ చాలు. చీటీ మీద ఆల్కహాలిక్ అన్న మాటను ఆ గ్యాస్ట్రో డాక్టర్ కొట్టేసి తన సంతకం పెట్టాడు. అన్న దాన్ని లామినేషన్ చేయించుకున్నాడు.

మేం ఇదంతా నేర్చుకుంటుంటే మా మేనమామ గుర్తొచ్చేవాడు. ఆయన నిజంగానే తాగేవాడు. నాలుగేళ్ల కింద చనిపోయాడు, చివరికి ఎముకల మీద తోలు మిగిలింది. ఎంత పెట్టినా తినేవాడు, తిన్న వెంటనే వాగుకు పోయేవాడు. సారా తినేసింది అన్నారు ఊరంతా, మేం కూడా అన్నాం. అత్త ఇప్పుడు చెప్తోంది, ఆయన పంచె ఉతికితే నూనె మరక పోయేది కాదని. మామకు ఇదే జబ్బని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ తాగి క్లోమం చెడినవాళ్లకు కూడా ఇవే గుళికలు. తాగుడు మానడం వేరు, అరగడానికి మందు ఇవ్వడం వేరు. అన్న తాగలేదని మేం అంత గట్టిగా అరిచాం కదా, మామ కోసం ఒక్కసారి కూడా ఎవరం ఏమీ అడగలేదు. ఆ పరీక్ష కాగితం చూసినప్పుడల్లా మాకు ఇది కొడుతూనే ఉంటుంది.

మొన్న మా చిన్నాన్న కూతురు పెళ్లి. అన్న ఆకు ముందు కూర్చుని జేబులోంచి డబ్బా తీసి, మొదటి ముద్దకు ఒకటి, సగంలో ఒకటి వేసుకున్నాడు. పక్కన పెద్దమనుషులు "ఏందిరా ఆ గోళీలు" అన్నారు. ఆకుల ముందే మొత్తం చెప్పాడు, బకెట్ల సంగతితో సహా. సగం మంది నవ్వారు, ఒకాయన లేచిపోయాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

సాయంత్రం డోలు మొదలయ్యాక పందిరి వెనక ఒక తాత అన్న దగ్గరికి వచ్చాడు. బాగా సన్నగా ఉన్నాడు. అటూ ఇటూ చూసి, "బిడ్డా, నాక్కూడా అట్లనే పోతది, రెండేండ్లాయె. నేను తాగుత మరి, నాకు ఇస్తరా ఆ మందు?" అన్నాడు. అన్న ఆయన్ని కూర్చోబెట్టి ఆ ఐదు ప్రశ్నలూ అడిగాడు. నాలుగింటికి అవునన్నాడు.

సోమవారం మేం ముగ్గురం ఆయన్ని తీసుకుని పోతున్నాం. పాత ఎక్స్‌రే ఏదో ఇంటి చూరులో ఉందట, అది కూడా తెమ్మన్నాం.